డేవిడ్ రాజు గారు తెచ్చిన స్టే

పోయిన గురువారం ఉదయం ఆరూ పదికి ఎదురింటివాళ్లకు లారీ ఇసుక దించింది. జర్రుమని జారే ఆ చప్పుడుకు చేతిలోని కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. తెల్ల ఇసుకైతే ఇంకా సన్నగా, పట్టుచీర దులిపినట్టు వినిపిస్తుంది. ఆ తేడా పట్టడం నాకు నేర్పింది డేవిడ్ రాజు గారు.

ముత్తుకూరుకు దక్షిణాన, సముద్రం ఒడ్డున, గాజు తయారీకి పనికొచ్చే తెల్ల ఇసుక తవ్వే ఒక విదేశీ కంపెనీకి ఆయన మేనేజరు. నేను జీతాల పట్టీలు రాసేదాన్ని. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం లారీ డ్రైవర్లను అదిలించేవారు. తవ్విన గుంట పూడ్చి సరుగుడు మొక్కలు నాటనిదే పక్కచోట పార వేయనిచ్చేవారు కాదు. మొదటి నెల నా పట్టీ చూసి, "సరోజమ్మా, ఆఫీసోళ్ల పేర్లు పైన రాసినావే. రేపు డబ్బు చాలకపోతే కిందోళ్లకే గదా తగ్గేది? కూలోళ్లను పైకి తే. నా పేరు ఆఖర్న ఉండాల" అన్నారు. ఆ పట్టీ మళ్లీ రాశాను.

తర్వాత ప్రభుత్వం మారింది. ఒక సోమవారం పదకొండు గంటలకు నోటీసు వచ్చింది. పాత ప్రభుత్వం ఇచ్చిన లీజు చెల్లదు, తవ్విన ఇసుక కూడా కదల్చరాదు అని. కంపెనీ డబ్బు పంపడం ఆపేసింది. సింగపూరులోని కంపెనీ లాయర్లు ఫోనులో ఒకటే చెప్పారు. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది, దాని ప్రకారం విదేశంలో మధ్యవర్తుల ముందు పరిహారం అడుగుతాం, అంతవరకు ఇక్కడి ఏ కోర్టుకూ వెళ్లొద్దు, వెళితే ఆ దారి మూసుకుపోతుంది అని.

మూడో నెల కూలీలు గేటు ముందు కూర్చున్నారు. ఇసుక జల్లెడ పట్టే రవణమ్మ లేచింది. "ఏం సార్, మీ సింగపూరు లాయరొచ్చి మా పొయ్యి ముట్టిస్తాడా?"

"కొంచెం ఓపిక పట్టు రవణమ్మా."

"ఓపిక ఎసట్లో ఏస్తే ఉడకతాదా? గట్టు తగాదాకే మా మామ స్టే తెచ్చినాడే. ఇంత పెద్ద కంపెనీ, ఒక స్టే తేలేదా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. మా వైపు అంతే. పొలం గట్టయినా ఇంటి గోడయినా తగాదా వస్తే ముందు కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంటారు, తర్వాతే మాటలు.

ఆయన లోపలికొచ్చి నన్ను అడిగారు. "ఆ ఇసుక అమ్ముకోనిస్తే జీతాలు ఇయ్యొచ్చు గదమ్మా?"

"ఇవ్వొచ్చు సార్. లాయర్లు వద్దన్నారు కదా."

"వాళ్ల జీతం వాళ్లకు వస్తా ఉండాదిలే."

మర్నాడే హైకోర్టుకు వెళ్లి కంపెనీ తరఫున పిటిషను మీద సంతకం చేశారు. పద్దెనిమిదో రోజున స్టే వచ్చింది. ఇసుక అమ్మి కూలీల బాకీ అంతా తీర్చాం. రవణమ్మ ఆయనకు చేపల పులుసు తెచ్చింది. పట్టీ చివరికి వచ్చేసరికి డబ్బు అయిపోయింది. ఆయన పేరు ఎదురుగా గీత గీశాను.

కొన్నాళ్లకు కోర్టు ఆ స్టే ఎత్తేసింది. విదేశంలో మధ్యవర్తుల ముందు ప్రభుత్వ లాయర్లు ఆయన సంతకం చూపించి, మీరు మా దేశపు కోర్టునే ఎంచుకున్నారు, ఇక మమ్మల్ని ఇక్కడికి లాగలేరు అన్నారు. విచారణ మొదలుకాకుండానే కేసు పోయింది. కంపెనీ నుంచి ఇద్దరు మనుషులు వచ్చి ఆయన్ను ఒక పూటంతా కూర్చోబెట్టారు. నేను పక్క గదిలో ఉన్నాను.

"ఈ పనికి ప్రభుత్వం మీకెంత ఇచ్చింది?"

"మాకాడ అందరూ తెచ్చుకుంటారయ్యా, స్టే" అన్నారు ఆయన. ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు.

సూళ్లూరుపేటలో కూతురి ఇంట్లో మంచం పట్టారని తెలిసి చూడటానికి వెళ్లాను. "మళ్లీ అట్లాంటి రోజే వస్తే కోర్టుకు పోతారా సార్?" అని అడిగాను.

"పోతానమ్మా. రవణమ్మ ఊరుకుంటాదా?" అని నవ్వారు. నవ్వు ఆపి, "తీసేసినందుకు బాధ లేదు. ఎంత తీసుకున్నావని అడిగినారే..." అని గోడవైపు తిరిగారు. ఆ వానాకాలంలోనే పోయారు.

ఆయన చేసింది పొరపాటే. ద్రోహం మాత్రం కాదు. ఎవరి మీద ఎవరు నింద వేసినా, ఈ రెంటిలో ఏదని నేను ఇప్పటికీ ముందు అడుగుతాను.

పోయినవి రాస్తున్నాను. కంపెనీకి లీజు పోయింది, గెలిచే వీలున్న కేసు పోయింది. ఊరికి పని పోయింది. రవణమ్మ ఊరు వదిలి చెన్నై వైపు ఇటుక బట్టీకి వెళ్లిపోయింది. డేవిడ్ రాజు గారికి ఉద్యోగం, ఆఖరి నెలల జీతం, మంచి పేరు.