నోట్లో ఏడు గుండుసూదులు

ఎనిమిది నెలలుగా టైలరమ్మ ఆ పాటను చివరిదాకా వినలేదు, తన కొట్లో ఇంకెవరినీ విననివ్వలేదు.

శాస్త్రీయ సంగీతంలో ఆరితేరి, ఇప్పుడు మామూలు జనం పాటలు కూడా పాడుతున్న ఒక గాయని పాట అది. దుఃఖం ఇంటికొస్తే తరిమెయ్యకు, కాసేపు కూర్చోనివ్వు, అదే లేచి వెళ్తుంది అని ఓదారుస్తుంది. చివర్లో గొంతు ఎక్కడికో పైకి వెళ్ళిపోతుంది. టైలరమ్మ మొగుడు, కొట్లో ఇస్త్రీ చేసే మహానుభావుడు, సరిగ్గా అక్కడే అందుకునేవాడు. కళ్ళు మూసుకుని ఆయన పాడుతుంటే కింద ఎవరిదో చొక్కా మాడిపోయేది. ఆమె తిట్టని తిట్టు లేదు. ఆయన పోయాక, రేడియోలో ఆ చోటు వచ్చేసరికి ఠక్కున కట్టేస్తోంది.

"ఒక్కసారి ఏడ్చెయ్యవే అక్కా, తేలికపడతావు" అని చెల్లెలు పోరుతూనే ఉంది.

"తీరికేదే? కుట్టాల్సినవి కుప్పలు పడున్నాయి."

ఒక మధ్యాహ్నం కొట్లోకి ఎవరు ఊడిపడ్డారనుకున్నారు? సాక్షాత్తూ ఆ గాయనే! సాయంత్రం కచేరీ ఉంది, గౌను చూస్తే బిగుసుకుపోయింది.

"గొంతు పైకెత్తానంటే కుట్లు ఫట్టుమంటాయమ్మా. మీరే కాపాడాలి."

టైలరమ్మ పక్క కుట్టు విప్పి, గౌను మళ్ళీ తొడిగించింది. ఏడు గుండుసూదులు పెదాల మధ్య బిగించి, రెండు చేతులతో బట్ట అంచులు పట్టుకుని, ఊపిరి పీల్చమని కనుబొమలతో సైగ చేసింది. ఆవిడ వట్టి ఊపిరితో ఆగుతుందా?

"పాడి చూస్తానుండండి, అప్పుడే తెలుస్తుంది" అంటూ ఆ పాటే ఎత్తుకుంది.

ఆపమందామంటే నోట్లో సూదులు. చెవులు మూసుకుందామంటే చేతుల్లో గౌను. ఏం ఖర్మ! ఆ చోటు రానే వచ్చింది. గొంతు పైకి లేచింది, ఎక్కడా జారలేదు, ఎక్కడా మాడిన వాసన రాలేదు. ఆ వాసన రాకపోవడమే టైలరమ్మ తట్టుకోలేకపోయింది. వెక్కితే సూదులు గొంతులోకి పోతాయి. వెక్కకుండా, కదలకుండా, కళ్ళ నీళ్ళు ధారకట్టి కారుతుంటే అలాగే నిలబడింది.

పాట అయ్యాక ఒక్కో సూదీ తీసి కుట్టు వెంట గుచ్చింది.

"అయ్యయ్యో, గుచ్చుకుందా అమ్మా?" గాయని కంగారుపడింది.

"లేదండీ. మా ఆయన కూడా అక్కడే అందుకునేవారు. ఘోరంగా పాడేవారు."

కుట్టి తొడిగిస్తే గౌను అతికినట్టు సరిపోయింది. ఇక చూడాల్సిందేమీ లేదు. అయినా టైలరమ్మ స్టూలు లాక్కుని, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇంకోసారి పాడండి, కుట్టు చూడాలి" అంది.