పక్క సీటు బ్రేకు

మా బావగారి కుడికాలు ఊరికే ఉండదు. ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టినా, అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది.

ఆయన ఉద్యోగమంతా డ్రైవింగ్ స్కూల్లోనే గడిచింది. తన వైపు కూడా ఒక బ్రేకున్న కార్లో, నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునేవారు. రిటైరయ్యాక బ్రేకు పోయింది, కాలు మిగిలింది.

లిఫ్టులో తొక్కుతారు. సినిమాలో కార్లు తరుముకుంటుంటే తొక్కుతారు. ఒకసారి విమానం దిగుతుంటే ఆయన తొక్కిన తొక్కుడికి ముందు సీటాయన బూటు ఊడొచ్చింది, విమానం రన్‌వే సగంలోనే ఆగింది. నమ్మకపోతే మానెయ్యండి, నేను పక్కనే ఉన్నాను.

ఇంట్లో సోఫా ముందు తివాచీకి చిల్లు పడింది. మా అక్క దాని మీద పూలకుండీ పెట్టింది. ఆయన కుండీని తొక్కారు.

వాళ్ళమ్మాయి, అంటే నా మేనకోడలు, ఒక క్యాబ్ కంపెనీలో డ్రైవరు. ఆ కంపెనీ కొత్త కార్లు కొంది. రోడ్డు అవే చూసుకుంటాయట, ఏదైనా అడ్డొస్తే అవే ఆగుతాయట.

"ఇక మీ కాలికి సెలవివ్వండి నాన్నా!"

"అది ఆగకపోతే ఎవర్నడగాలి?"

"ఆగుతుందన్నానుగా!"

"నేనడిగింది అది కాదమ్మా."

ఒకరోజు ఆగలేదు. ఎండ ఎదురుగా కొడుతుంటే, రోడ్డు పక్కన నిలబడ్డ నీళ్ళ ట్యాంకరు కారు కళ్ళకు ఆనలేదు. మా పిల్ల తొక్కేసరికే బంపరు ముద్దయింది. దెబ్బ మనుషులెవరికీ తగల్లేదు, ఉద్యోగానికి తగిలింది. మేనేజరు తాళంచెవి లాక్కున్నాడు.

బావగారు నన్ను వెంటేసుకుని మేనేజరు గదిలోకి వెళ్ళారు.

"కార్లో లోపమేం లేదండీ. డ్రైవరే చూసుకోవాలి," అన్నాడు మేనేజరు.

"మరి బండి దానంతటదే ఆగే ఆ స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచమన్నది మీరేగా?"

"అవును. మనిషికంటే అదే నమ్మకం."

"అంటే ఆగితే మెప్పు బండికీ, ఆగకపోతే తిట్లు మా పిల్లకీనా?"

మేనేజరు గడియారం చూసుకున్నాడు. బావగారి కాలు అప్పటికే బల్లను తన్నుతోంది. బల్ల మీద టీ కప్పు ప్రయాణం మొదలుపెట్టింది.

"అలాంటి కార్లోనే ఒక్క చుట్టు తిరిగొద్దాం సార్. అంత నమ్మకమున్నవారు, ముందు సీట్లో మీరే కూర్చోండి."

నేను నివ్వెరపోయాను. బావగారు పక్క సీటు వదులుకోవడం అదే మొదలు! కార్లో వెనక నా పక్కన చేరి, తన మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు.

అప్పటిదాకా బయట ఎదురుచూస్తున్న మేనకోడలు వచ్చి స్టీరింగ్ పట్టుకుంది. పాదం మాత్రం బ్రేకు పైనే సిద్ధంగా ఉంచుకుంది. మలుపు తిరగ్గానే ఎర్ర లైటు దగ్గర చెత్తలారీ ఆగి ఉంది. లారీ పెద్దదయింది. ఇంకా పెద్దదయింది. బండి ఇంకా ఆలోచిస్తోంది. చివరికి దానంతటదే గట్టిగా ఆగింది.

"చూశారా! ఆగిందిగా!" అని అరిచాడు మేనేజరు.

"చక్కగా ఆగింది సార్. మరి మీ కాళ్ళేం చేస్తున్నాయి?"

అందరం కిందకి చూశాం. మేనేజరు బూట్లు రెండూ కారు నేలను కసిగా తొక్కి పట్టుకుని ఉన్నాయి. ఆయన మొహం చూస్తే, హోంవర్కు లేకుండా మా కాన్వెంటు సిస్టర్ ముందు నిలబడ్డ నేనే గుర్తొచ్చాను.

బూట్లు వెనక్కి లాక్కుని మేనకోడలి వైపు తిరిగాడు. "రేపు డ్యూటీకి రామ్మా. ఆ స్విచ్చి ఎప్పుడు వెయ్యాలో నువ్వే చూసుకో. రిపోర్టులో మా తప్పు కూడా రాయిస్తాను."

ఇంటికొస్తూ అడిగాను. "బావా, లేని బ్రేకు పడదని మీకు తెలీదా?"

"ఎందుకు తెలీదోయ్? నడిపేవాళ్ళకి లోపల ఎంత భయముంటుందో! పక్కన ఇంకో కాలు కూడా తొక్కుతోందంటే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. తప్పు జరిగినా ఇద్దరిదీ అనుకుంటారు."

ఆ తర్వాత ఒకరోజు మేనకోడలు మా ఇద్దర్నీ కార్లో ఎక్కించుకుంది. పక్క సీటు ముందు నేల మీద పాత పెడలొకటి అతికించి ఉంది. దానికి వెనక తీగా లేదు, కడ్డీ లేదు. బావగారు తొక్కారు. కారు నెమ్మదించింది.

"పనిచేస్తోందోయ్!" అని కేక పెట్టారు.

మేనకోడలు అద్దంలోంచి నాకు కన్నుకొట్టింది. ఆమెకు కనబడకుండా వెనక్కి తిరిగి, బావగారూ కన్నుకొట్టారు.