బాక్సర్ సినిమాకు బాపు నవ్విన రోజు

మా బాపు సినిమా హాలుకు రావడం మానేసి చాలా ఏళ్లయింది. అడిగితే తలనొప్పి అనేవాడు, కుర్చీలు బాగుండవనేవాడు. అసలు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. సూరత్‌లో మరమగ్గాల మధ్య బతుకంతా గడిపిన మనిషికి చెవులు పోయాయి. చెవి మిషను కొనిపెడితే, ఈ గోల వినడానికా అని తీసి డబ్బాలో పడేశాడు. మొండితనంలో ఆయనకు సాటి ఆయనే. ఆ తర్వాత నేను.

ఆ ఆదివారం మా ఊళ్లోనే, ఉధ్నా దగ్గర ఒక హాలులో బాక్సింగ్ మీద హిందీ కామెడీ ఆడుతోంది. బాపు కూడా రావాల్సిందేనని పట్టుబట్టాను.

"నాకేం ఇనొస్తదే బిడ్డా. నువ్వు, మీ అమ్మ పోయి రాండ్రి," అన్నాడు.

"ఒక్కసారి చలో బాపు. మంచిగ లేకుంటె మళ్లెన్నడు అడగను," అన్నాను.

మాటైతే ఇచ్చాను గానీ నాకే నమ్మకం లేదు. ఈ సినిమా గనక తుస్సుమంటే ఆయన ఇక ఇల్లు కదలడు.

మొదటి సగం నా ప్రాణం తోడేసింది. హీరో బక్కపలచని లాండ్రీ మనిషి. బాక్సింగ్ క్లబ్బులో ఉతికిన బట్టలు ఇవ్వడానికి పోయి, పొరపాటున పోటీలో ఇరుక్కుంటాడు. అంతవరకూ అన్నీ గబగబా మాటలే, మాటకో జోకు; మాట్లాడేవాళ్ల ముఖాలు సగం సేపు కనపడనే కనపడవు. హాలంతా పడి పడి నవ్వుతుంటే బాపు ఆవలించాడు. ఆ డైరెక్టరు కనబడితే నేనే రెండు పీకేదాన్ని.

ఇంటర్వెల్ తర్వాత హీరో రింగులోకి దిగాడు. గ్లౌజులు తొడిగిన చేతులతో జారిపోయే నిక్కరు పట్టుకోలేక వాడు తంటాలు పడుతున్నాడు. అవతలి మూల నుంచి వాడి కోచ్ ఏదో అరుస్తున్నాడు. జనం హోరులో అది వాడికీ వినపడదు, మనకూ వినపడదు. బాపు చటుక్కున ముందుకు వంగాడు.

"ఎన్కకు జరుగుమంటుండు. వీడేమో ముంగటికి పోతడు సూడు," అని గట్టిగా అన్నాడు. అన్నట్టే వాడు ముందుకు పోయి గుద్దు తిన్నాడు. బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు.

మగ్గాల షెడ్డులో పక్కవాడు అరిచినా వినపడదు. అక్కడి పనివాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు, తెలుగైనా హిందీ అయినా ఒడియా అయినా. ఇప్పుడు హాలులో అక్కడక్కడా బాపులాంటివాళ్లు కొందరు, గుద్దు పడకముందే నవ్వుతున్నారు. ముందు వరుసలోని ఒడియా పెద్దాయన వెనక్కి తిరిగి బాపును చూసి తల ఊపాడు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో బాపు నోరు మూయలేదు. కోచ్ తిట్టిన తిట్లన్నీ అమ్మకు పూసగుచ్చినట్టు అప్పజెప్పాడు.

"జర మెల్లగ, మంది ఇంటున్నరు," అని అమ్మ చేత్తో సైగ చేసింది.

బాపు అదే గొంతుతో అన్నాడు. "ఇంట్ల టీవీ ముంగట మీ మొకాలు సూసి నవ్వుతుంటి. మీరు నవ్వినంక నేను నవ్వాలె. ఇయ్యాల నాకే నవ్వొచ్చింది."

ఆటోలో అందరూ విన్నారు. అమ్మ ఇక ఆయన్ను మెల్లగా మాట్లాడమనలేదు.