బొమ్మ క్వార్టర్‌కు దిష్టి

ఈ సాయంత్రం మా అక్కతో వాదించి ఓడిపోయాను.

నా బొమ్మ రైలు పట్టాల పక్కన పెట్టుకుందామని, మేం పుట్టి పెరిగిన శ్రీరాంపూర్ బొగ్గుగని క్వార్టర్‌ను నిర్మల్ బొమ్మల కర్రతో చెప్పుల డబ్బా అంత చేశాను. వాకిట్లో మురుగునీటి మోరీ, గోడ మీద సమ్మె పోస్టర్, ఏదీ వదల్లేదు. కార్మికుడి ఇంటిని ఉన్నదున్నట్టు చూపించాలని నా పట్టుదల. ఇవాళ లోపల చిన్న బల్బు పెట్టి వెలిగించేసరికి గుమ్మానికి ఏదో వేలాడుతోంది. నానబెట్టిన మెంతిగింజ. పసుపు పూసి, కుంకుమ చుక్క పెట్టి, దారంతో కట్టి ఉంది.

"గిదేందక్కా?"

"గుమ్మడికాయ. కొత్తిల్లు గదా తమ్మీ, దిష్టి తగుల్తది."

"బొమ్మింటికి దిష్టేంది? గీ మూఢనమ్మకాలు వద్దని ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న!"

"మొత్తుకో, ఎవలు వద్దన్నరు? బాపు బొగ్గుబాయిల దిగి మళ్ల ఇంటికొచ్చెదాంక అవ్వకు పానం పానంల ఉండకపోయేది. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ కుళ్లితె అమాసకు కొత్తది కట్టేది. నువ్వు మోరీ పెట్టినవ్, పోస్టర్ పెట్టినవ్. అవ్వ కట్టింది మాత్రం యాదికి రాలేదా?"

మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడగలను. మా అమ్మ భయాన్ని మాత్రం ఆ లెక్కలో వేయలేను.

అక్క వెళ్లిపోయింది. కత్తెర పట్టుకొని కూర్చున్నాను. బల్బు వెలుగులో ఆ మెంతిగింజ నీడ గుమ్మం ముందు పడి, అచ్చం అప్పట్లో మా ఇంటి ముందు పడ్డట్టే ఉంది. కత్తిరించాలా, ఉంచాలా? కామెంట్లలో కొట్లాడుకోండి. ఇవాళ నాకు ఓపిక లేదు, కత్తెర సొరుగులో పెట్టేస్తున్నాను.