గోదావరిఖనిలో ఒక అంగి, దాని కింద ఒక చీటీ

మ్యూజియాల గురించి, కళా ప్రదర్శనల చరిత్ర గురించి రెండేళ్ళుగా చదువుతున్నాను. ఒకప్పుడు రాజుల గదుల్లో నేల నుంచి కప్పు దాకా కిక్కిరిసి వేలాడిన బొమ్మలు, తెల్ల గోడ మీద కంటి ఎత్తుకు ఒక్కొక్కటిగా ఎలా దిగొచ్చాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాను. మా రీసెర్చ్ గైడ్ మేడంకి అది చాలలేదు. "పుస్తకాల్లోది నాకూ తెలుసు. మ్యూజియం ముఖం చూడనివాళ్ళు పెట్టిన ప్రదర్శన ఒకటి చూసి రా" అన్నారు. ఒళ్ళు మండింది. కానీ రిటైరైన గని కార్మికులు గోదావరిఖనిలో తమ కాలనీ హాల్లో మూడు రోజుల ప్రదర్శన పెడుతున్నారని ఆ ఊరి క్లాస్‌మేట్ చెప్పగానే బ్యాగు సర్దుకున్నాను.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే రామగుండం చేరేసరికి నాలుగు గంటల పైనే పట్టింది. స్టేషన్ బయటే షేర్ ఆటోలు, గోదావరిఖనికి ముప్పై రూపాయలు. డ్రైవర్ పక్కన అర సీటు దొరికింది. నేనెక్కడికో తెలిశాక అతను నవ్వాడు. "మా బాపు బొగ్గు మోసిన తట్ట గూడ ఆడ్నే ఉన్నది మేడం. మా అమ్మ దాంతోని పెండ ఎత్తుతుండె. ఇప్పుడు పెండ ఎట్ల ఎత్తాలె అని రోజు లొల్లి." హాలు గుమ్మం ముందే దించి, తట్ట తప్పక చూడమని మరీ చెప్పి వెళ్ళాడు.

హాల్లో అంతా చూసుకుంటున్నది యూసుఫ్ కాక. గని ల్యాంప్ రూములో, దిగేవాళ్ళ టోపీలకు దీపాలందిస్తూ ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. వస్తువుల్ని ఆయన పెట్టిన వరస చూసి నేను నిలబడిపోయాను. గుమ్మం దగ్గర హాజరు బిళ్ళ, తర్వాత టోపీ, దీపం, తట్ట, టిఫిన్ డబ్బా, చివర బయటికి పోయే తలుపు పక్కన దండెం మీద ఒక అంగి. హాలు ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిస్తే ఒక డ్యూటీ చేసి ఇంటికొచ్చినట్టే. "ఈ వరస ఎవరు చెప్పారు కాకా?" అని అడిగాను. "ఎవలు చెప్పాలె బిడ్డ? రోజు గట్లనే పోయినం, గట్లనే వచ్చినం" అన్నాడు. పెద్ద మ్యూజియాల వాళ్ళు నెలల తరబడి తల బద్దలు కొట్టుకునే పని ఇది.

దండెం మీది ఆ నీలం అంగి ఒక్కటే కొత్తగా మెరుస్తోంది. ఎవరిదని అడిగాను. "మా మల్లన్నది. పదకొండేండ్లాయె, డ్యూటీ నుంచి వచ్చి అంగి విప్పి తానానికి పోయిండు, ఆడ్నే పడిపోయిండు, మళ్ల లేవలే. ఆయన భార్య కనకవ్వ మొన్న తెచ్చి, భద్రం తమ్మి అని చేతుల పెట్టింది. మస్తు మురికుండె. సోడల నానబెట్టి నేనే ఉతికిన, ఇస్త్రీ గూడ చేసిన." మురిసిపోతూ చెప్పాడు. "కాకా, ఉతకమని ఆమె చెప్పిందా?" అన్నాను.

ఇక్కడ గనిబట్ట గడప దాటి లోపలికి పోదట. వాకిట్లోనే విప్పి, వాకిట్లోనే ఉతకాల్సిందే. పుట్టినప్పటి నుంచి అదే అలవాటు కాబట్టి ఆయనకు వేరే ఆలోచనే రాలేదు. పదకొండేళ్ళు ఆమె ఎందుకు ఉతకలేదో అప్పుడు తట్టినట్టుంది, కుర్చీలో కూలబడ్డాడు. "సాయంత్రం నాలుగింటికి చూడనీకి వస్తది బిడ్డ. ఏం ముఖం పెట్టుకొని చూడాలె?"

చెప్పడానికి సిగ్గుగా ఉంది, రెండేళ్ళు చదివిన నేనే అన్నాను, "ఇక్కడ బొగ్గుకేం కరువు కాకా, కొంచెం రుద్దేద్దామా" అని. ఆయన నా వంక చూశాడు. "బొగ్గు అదే బిడ్డ. గానీ ఆయన మీద పడ్డ బొగ్గు గాదు గదా." లేచి, అంగి కింద అంతకుముందు పెట్టిన పేరు చీటీ పీకేసి, కొత్తది రాసి గుచ్చాడు. పక్క మెస్సులో తొంభై రూపాయల భోజనం చేశాను, ఏం తిన్నానో గుర్తులేదు.

నాలుగింటికి కనకవ్వ వచ్చింది. అంగిని చూసింది, నన్ను చూసింది. "చీటిల ఏమున్నది బిడ్డ? సదువు." చదివాను. "ఇది మల్లయ్య ఆఖరి డ్యూటీ అంగి. కనకవ్వ ఉతకకుండ దాచింది. తెల్వక నేను ఉతికిన. తప్పు నాదే. యూసుఫ్."

ఆమె ఏడ్చింది. "నాకే చెయ్యి రాలే. నీకెట్ల వచ్చింది తమ్మి?" ఆయన తలెత్తలేదు. "మురికితోని నలుగుర్ల నిలబెడితే మల్లన్నకు నామోషీ అనుకున్న అక్కా." ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని అంగి దించి, జేబు లోపలి గుడ్డ బయటికి లాగింది. కుట్టు మూలలో బొగ్గు కాటుక గీతలా నల్లగా ఉంది. "ఇరవై ఎనిమిదేండ్లు ఉతికిన. ఈ మూల ఎన్నడన్న పోయిందా? నీ ఒక్క ఉతుకుకు పోతదా?" అంది. జేబు అలాగే బయటికుంచి వేలాడదీయమంది. చీటీ తియ్యొద్దంది.

లేబుల్ మీద వస్తువు ఎవరిదో, ఏ కాలందో రాస్తారు. దానికి తన చేతిలో ఏం జరిగిందో రాసి ఒక మనిషి సంతకం పెట్టిన లేబుల్ నేనింతవరకూ చూడలేదు. నా పరిశోధనలో మొదటి పేజీ దానిదే. ప్రదర్శన అయిపోయి వస్తువులన్నీ ఇళ్ళకు చేరాయి కానీ, కాలనీలో అడిగితే తీసి చూపిస్తారు, మధ్యాహ్నం మొదటి షిఫ్టు ముగిశాక వెళ్తే ఇళ్ళలో మనుషులుంటారు. ఒక్క జాగ్రత్త: ఎవరు ఏది చేతికిచ్చినా, దీన్ని ఏం చెయ్యొద్దో ముందే అడగండి. యూసుఫ్ కాక ఎంతో ప్రేమగా ఉతికాడు కానీ, ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు.