టీసీ నీ చేతికే ఇస్తాను

పిల్లలు తమ మాట తామే చెప్పుకోగల రోజు ఏది? ఆ రోజు వచ్చిందని తేల్చేది ఎవరు? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దీన్ని నాకు అంటించిన మా హెడ్మాస్టారు పోయిన మంగళవారం శ్రీకాకుళంలో కన్నుమూశారు. స్కూలు వాట్సాప్ గ్రూపులో కబురు చూసి, తొమ్మిదో తరగతికి చెబుతున్న లెక్క మధ్యలోనే ఆపేశాను.

సముద్రానికి దగ్గర్లోని హైస్కూల్లో ఆయన దగ్గర ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. మా బడికి ఒక పక్క మత్స్యకారుల ఊరు, ఇంకో పక్క వరి పండించే ఊళ్ళు. పదో తరగతి ఫలితాలు వచ్చాక టీసీలు ఇవ్వడంలో ఆయనకో పద్ధతి ఉండేది. తల్లిదండ్రుల చేతికి ఇచ్చేవారు కాదు. పిల్లలు ఒక్కరే గదిలోకి రావాలి. అయిదేళ్ళు ఆయన ముందు నిలబడిన పిల్లలకి ఆ రోజు కుర్చీ వేసేవారు. ఇక మీదట ఏం చేస్తావని అడిగి, వాళ్ళ మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. టీసీలు రాసిపెట్టే పని నాది కాబట్టి నేనూ ఆ గదిలోనే ఉండేదాన్ని.

రైతుల ఇళ్ళ నుంచి వచ్చే తండ్రులకి ఇది చిరాకు. "ఆడు సిన్నపిల్లోడు మేస్టారూ, ఆడికేటి తెలుస్తాది?" అని ఒకాయన గుమ్మంలోంచి కదల్లేదు.

"తెలీకపోతే ఇన్నాళ్ళూ మేం సెప్పిందేటి బావా? నువ్వు బైట కూకో, టీ తెప్పిస్తాను."

ఆ కుర్రాడు కుర్చీ అంచున కూచుని "మా నాన్నని అడిగి సెప్తానండి" అన్నాడు. "అదీ జవాబే" అని హెడ్మాస్టారు అలాగే రాసుకున్నారు.

నేను నవ్వాను గానీ, నవ్వే అర్హత నాకు లేదు. మాది గజపతినగరం వైపు వ్యవసాయ కుటుంబం. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసొచ్చాక కూడా నా బీఈడీ దరఖాస్తు మా నాన్నే నింపారు, నేను సంతకం పెట్టాను. మా అత్తవారి ఊరు గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికిన నాడే కుర్రాడు లెక్కలోకి వస్తాడు. మత్స్యకారుల ఊళ్ళో వేరు. చేపల తట్ట కూతురి నెత్తిన పెట్టి, ఫలానా వీధులు ఇక నీవి అని తల్లి అప్పజెప్పిన రోజు నుంచి ఇంట్లో ఆ పిల్ల మాట చెల్లుతుంది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది ఆ ఊరి అమ్మాయి ఒకతె టీసీ కోసం వచ్చింది. లెక్కల్లో అంత చురుకైన పిల్లని నేను మళ్ళీ చూడలేదు. గురుకుల కాలేజీ ఫారం ఆమె కోసం నేనే ముందుగా నింపి పెట్టుకున్నాను. ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూచుంది.

"ఏటి సేద్దామని?" అన్నారు హెడ్మాస్టారు.

"తట్ట ఎత్తుతానండి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాను తిరక్కపోతే మా ఈదులు ఇంకోలు పట్టేసుకుంటారు."

"మరి సదువు?"

"ఇష్టమేనండి. కానీ తట్టే ఎత్తుతాను" అంది.

ఆయన రాసుకుని టీసీ ఇచ్చేశారు. అమ్మాయి బయటికి వెళ్ళగానే నేను పట్టలేకపోయాను. "ఒక్క మాట చెప్పండి సార్, మీరు చెబితే వింటుంది."

"వింటాదమ్మా. అందుకే సెప్పను."

"పదిహేనేళ్ళు సార్ దానికి!"

"మన లెక్కకి పదిహేను. ఆల ఇంట్లో దాని మాటకి ఇలువ ఇచ్చారు. అది నాను లాక్కుంటే, ఇన్నాళ్ళూ నేర్పిందేటి?"

ఫారం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి గుమ్మంలో కాళ్ళు చాపుకుని ఉంది. "దాన్నే అడగండి టీచరమ్మా. ఈదులు దానియి" అంది. ఆ తర్వాత నెల రోజులు హెడ్మాస్టారితో ముక్తసరిగానే మాట్లాడాను. ఆయన మాత్రం పొద్దున్నే "కోపం తగ్గిందేటి?" అనేవారు. లేదని నేనంటే, "సరే, రేపడుగుతాను" అని ప్రార్థనకి వెళ్ళిపోయేవారు.

మరుసటేడు నేను బదిలీ దరఖాస్తు ఇస్తే, "ఎల్లాలని నీకుందా, మీ ఆయనకుందా?" అన్నారు. ముప్ఫై దాటిన మనిషిని, తడబడ్డాను. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. అలా అడిగినందుకు ఈనాటికీ ఆయనంటే నాకు కృతజ్ఞత.

కిందటేడు శ్రీకాకుళంలో ఒక వీధిలో ఆ అమ్మాయి తట్టతో ఎదురైంది. "ఏటి టీచర్, మళ్ళీ ఫారం గాని తెచ్చారేటి?" అని నవ్వి, కోనాం చేప ముక్కలు కోసిచ్చింది. నేనేమీ అడగలేదు. కత్తి తుడుస్తూ తనే అంది. "మేస్టారు అడిగినట్టు నన్నెవులూ అడగలేదు. కానీ ఒకోసారి అనిపిస్తాది టీచర్, ఆ రోజు గట్టిగా తిట్టి కాలేజీకి తోలేసుంటే బాగున్ను అని." ఇంతలో పై ఇంటి వాళ్ళు కేకేస్తే తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

రెండు నెలల కిందట హెడ్మాస్టారిని చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు.

"ఆ పిల్ల కనిపిస్తన్నాదా? ఎలాగుంది?"

"బాగుంది సార్."

"బాగుందని నువ్వన్నావా, అది అందా?"

"అదే అంది సార్."

ఆయన తలూపి, మజ్జిగ గ్లాసు రెండు చేతులతో అందుకున్నారు. మజ్జిగ కొంత చొక్కా మీద ఒలికింది. నేను ముందుకి వంగి, ఆగిపోయాను. నింపాదిగా, అడుగు కనిపించేదాకా తనే తాగారు.

ఆ అమ్మాయి మాట ఆయనకి చేరనివ్వలేదు నేను. ఆయన తట్టుకోలేరని నాకు నేనే అనేసుకున్నాను. అది జాలో, ఆయన తరఫున నేను తీసుకోకూడని నిర్ణయమో తెలీదు. ఆ రోజు టీసీ అలా ఇచ్చెయ్యడం సరైందో కాదో, అదీ తెలీదు. రెండూ తేల్చుకోలేకపోతున్నాను.