బోర్లా బాబాయి

పింగాణి కంటపడితే బాబాయి దాన్ని బోర్లించాల్సిందే. వీధందరికీ బాబాయే ఆయన. పగిలిన పింగాణి అతకడం వృత్తి. అడుగు చూడందే పైబొమ్మని నమ్మడు. ఎవరింటికెళ్ళినా పొగలు కక్కే టీని ఒక్క గుక్కలో తాగేస్తాడు, కప్పు తిరగేయడానికి. ఆపైన నాలుక కాలి నోరు పెగలదు కాబట్టి మితభాషి అని పేరొచ్చింది. ఓసారి నీళ్ళున్న పూలకూజా తిరగేస్తే ఇంటాయన ఒళ్ళో గులాబీలు పూశాయి.

ఆయన్ని వెంటేసుకెళ్ళాలంటే పిన్నికి తల కొట్టేసినట్టుండేది. తిరగేసి ఊరుకుంటాడా? చెవిమీది పెన్సిలు తీసి, గోడకేసి తిరిగి, కాసేపు గొణుక్కుని తీర్పు చెప్పేవాడు. పాత పద్ధతిలో చేసిన చైనా కూజాల అడుగున ఎప్పుడో పోయిన చక్రవర్తి ముద్ర ఉంటుంది. ఏ చక్రవర్తిదైనా తీర్పు ఒకటే: "నిన్నటిది."

పై అంతస్తులో బట్టలు కుట్టే అక్కకి వాళ్ళమ్మ ఇచ్చిన నీలిబొమ్మల కూజా ఒకటుంది. మూడొందల ఏళ్ళదని చెప్పుకునేది. కుట్టుమిషను మూలపడటంతో దాన్ని అమ్మి కొత్త మిషను కొనాలనుకుంది. బాబాయి నలుగురి ముందూ కూజాని బోర్లించాడు.

"నిన్నటిదమ్మా. నీకంటే చిన్నది."

అక్క మొహం పాలిపోయింది. పిన్ని మూడ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించనేలేదు. ఎవరిదో టీకెటిల్ ముక్కు అతుకుతున్నాడు.

నాలుగోరోజు, తప్పయిపోయిందని చెప్పుకుందామని పిన్ని పైకెళ్ళింది. అప్పటికే పాతసామాన్ల వ్యాపారి వచ్చి ఉన్నాడు. కొత్తదని వీధంతా తెలిసిపోయిందిగా, ప్లాస్టిక్ బకెట్ ఖరీదు ఇస్తానంటున్నాడు. అడుగు చూడవా అని అక్క అంటే, మొహం చూస్తే చాలదా అన్నాడు.

అక్క నిట్టూర్చి, సరేనని, లోపలి దుమ్ము దులపడానికి కూజా బోర్లించింది. అడుగున మెరుపుపూత లేని గరుకు అంచుమీద చీమతలకాయంత పెన్సిలు అక్షరాలు. కూడబలుక్కుని పైకే చదివింది.

"కొత్తదే. అచ్చు కాదు, చేతిగీత. కుంచె ఆగినచోటల్లా నీలం చిక్కబడింది. గొప్ప పనివాడు. మంచి కుట్టుమిషను ఖరీదుకి దమ్మిడీ తగ్గినా ఇవ్వొద్దు."

వ్యాపారి భూతద్దం తీశాడు. అది ఇందాకట్నుంచీ జేబులోనే ఉంది పాపం. చూశాడు, తల గోక్కున్నాడు, మిషను ఖరీదుకి ఒప్పుకున్నాడు.

పిన్ని గబగబా కిందికి దిగింది.

"ఆ ముక్క ఆరోజే నోటితో చెప్పొచ్చుగా?"

"ఇంట్లో వస్తువు విలువ నలుగురిలో చెప్పుకుంటామటే? కొత్తదని మాత్రం దాచకూడదు."

ఆ సాయంత్రం వీధిలో జాడీలన్నీ బోర్లాపడ్డాయి. ప్రతి అడుగునా పెన్సిలు రాతే. పిన్ని ఇంటింటికీ వెళ్ళి, దగ్గరుండి చదివించుకుని, "మా ఆయనది కాస్త కోడిగీతలెండి" అంటూ మురిసిపోయింది.

ఇంటికొచ్చాక ఆవిడ చూపు అల్మరా మీద పడింది. పెళ్ళైన కొత్తలో తను గీచిగీచి బేరమాడి కొన్న ఎర్ర డ్రాగన్ల జాడీ. ఇరవయ్యేళ్ళుగా బాబాయి తీర్పు చెప్పని పింగాణి అదొక్కటే. మెల్లగా బోర్లించింది.

"అచ్చుబొమ్మ. చిల్లిగవ్వ చేయదు. ఎంతిచ్చినా ఇవ్వొద్దు."